మిట్టమధ్యాహ్నం ఇంటి పిలుపు

ముందే చెప్పేస్తున్నాను, దయ్యాలూ భూతాలూ అంటే నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. గొర్రెల వెంట గుట్టల్లో తిరిగి పెరిగినదాన్ని. నక్క కూసిందనీ, చీకట్లో కంప కదిలిందనీ భయపడి కూర్చుంటే మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు.

ఆ అపనమ్మకం మా నాయన దగ్గర నేర్చుకున్నదే. ఫలానా చోట దయ్యముందని ఎవరైనా చెబితే, "ఉంటే రోంతసేపు నా గొర్రెల్ని కాయమనప్పా, నేను పండుకుంటా" అనేవాడు. మా అమ్మ యేసుప్రభువును నమ్ముకున్నప్పుడు కూడా ఇట్లాగే నవ్వాడు. ఆమెను వద్దనలేదు, తానూ వెంట రాలేదు. అమ్మ ప్రార్థన మొదలుపెడితే కర్ర తీసుకుని దొడ్డి వైపు పోయేవాడు.

మాది ముదిగుబ్బ పక్కన చిన్న పల్లె. ఎనభైల మొదట్లో, వానలు వరసగా ఎగ్గొట్టిన కాలం. చెనిక్కాయ వేసిన వాళ్లకు విత్తనం కూడా తిరిగి రాలేదు. మాకు భూమి లేదు. ఉన్నదంతా ఆ గొర్రెల మందే. అది పోతే మా బతుకు రోడ్డు మీదే.

గొర్రెలు కాసే ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. ప్రతి కాపరికీ తన సొంత పిలుపు ఉంటుంది. నీళ్లకు ఒక పిలుపు, మేత మీద కదిలించడానికి ఒకటి, సాయంత్రం ఇంటికి మళ్లించడానికి ఒకటి. రెండు మందలు కలిసిపోయినా ఎవరి గొంతు విని వాళ్ల గొర్రెలు విడివడి వచ్చేస్తాయి. నాయన ఇంటి పిలుపు "హోఓ... ర్రా... ర్రా..." అని సాగి, చివర్లో పైకి లేచేది. పొద్దు వాలితే తప్ప ఆ పిలుపు ఆయన నోటి నుంచి రాదు. పొద్దుండగా పిలిస్తే మేత వదిలేసి దొడ్డికి పరిగెత్తుతాయని, ఆటకు కూడా మమ్మల్ని అనుకరించనిచ్చేవాడు కాదు.

ఒక ఉదయం నాయన మంచం మీది నుంచి లేవబోయి పడిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యీ కాలూ పనిచేయలేదు, మాట పూర్తిగా పోయింది. అనంతపురం తీసుకుపోయి చూపించాం. మాట మళ్లీ వస్తుందని ఆశ పెట్టుకోవద్దన్నారు.

మాట పోయిన తర్వాత ఆయనలో కోపం ఒక్కటే మిగిలినట్టయింది. ఏదో చెప్పాలని ఎడమ చేత్తో సైగ చేసేవాడు. మాకు అర్థమయ్యేది కాదు. సంగటి పళ్లెం ఎత్తి గోడకు కొట్టేవాడు. అమ్మ ప్రార్థన చేస్తే ముఖం గోడ వైపు తిప్పుకునేవాడు. క్రమంగా తిండి మానేశాడు. ఇట్లా కోపంలోనే పోతాడేమోనని అమ్మా నేనూ ఒకరికొకరు చెప్పుకోకుండానే భయపడుతున్నాం.

మా ఇంట్లో మగపిల్లలు లేరు. మంద నా మీద పడింది. నాయన వాసన ఉంటే గొర్రెలు మాట వింటాయని అమ్మ ఆయన నల్ల కంబళి నా భుజాన వేసి పంపేది. అంత ఎండలో కంబళి మోసుకుని తిరిగేదాన్ని. అవి నా వాసన చూసేవి, నా పిలుపు వినేవి, తమ దారిన తాము పోయేవి. వాటి దృష్టిలో నేను కంబళి కప్పుకున్న పరాయిదాన్ని.

ఆ రోజు ఉదయం నేను బయలుదేరుతుంటే నాయన నన్ను ఆపాడు. ఎడమ చెయ్యి ముఖం ముందు ఊపి, నోటితో గాలి ఊదాడు. మళ్లీ ఊపాడు, మళ్లీ ఊదాడు. ఉక్కపోస్తోందేమో అనుకుని చాటతో గాలి విసిరాను. ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. పళ్లెం గోడకు తగిలింది. నేను ఏడుపు మింగుకుని మందను తోలుకుపోయాను.

మా కుంట ఎండి చాలా రోజులైంది. మిట్టమధ్యాహ్నానికి గొర్రెలు దప్పికతో నాలుకలు బయటపెట్టి నడుస్తున్నాయి. గుట్ట అవతల చేలల్లో ఏమైనా ఆకు దొరుకుతుందేమోనని అటు మళ్లించాను. గాలి మాకు ఎదురుగా వీస్తోంది. గొర్రెలకు దారి చూపడానికి మేం పెంచిన మేకపోతు ముందు నడుస్తూ ఉన్నట్టుండి తలెత్తి గాలి పీల్చింది. తర్వాత పరుగందుకుంది. మందంతా దాని వెనక.

అప్పుడు అర్థమైంది నాకు. ఆ చేలల్లో ఒకచోట బావిని ఈమధ్యే లోతు చేశారు. అడుగున కొత్తగా నీళ్లు తగిలాయి. దానికి గట్టు లేదు, మెట్లు లేవు, నేలకు సమంగా నోరు తెరుచుకుని ఉంది. దప్పికతో ఉన్న మందను గాలికి ఎదురుగా తోలితే నీళ్ల వాసనకు ఎక్కడికైనా దూకుతుంది. ముందుది పడితే వెనకవి ఆగవు. నాయన ఉదయం ఊది ఊది చెప్పింది గాలి సంగతే.

కంబళి పడేసి పరిగెత్తాను. గొంతు చిరిగేలా అరిచాను. అవి వినలేదు. బావి దగ్గరపడింది. "ప్రభువా, అమ్మకు ఏం చెప్పాలి" అని నోటికి వచ్చింది. అంతకుమించి ప్రార్థన చేయడానికి ఊపిరి లేదు.

అప్పుడు వినబడింది. "హోఓ... ర్రా... ర్రా..."

నా వెనక నుంచి, పల్లె ఉన్న దిక్కు నుంచి వచ్చింది. ఎంత అరిచినా ఆ గుట్ట దాటి మా ఇంటి నుంచి వినబడదు. అదీగాక గాలి ఎదురుగా వీస్తోంది. కానీ పక్కన నిలబడి పిలిచినంత స్పష్టంగా ఉంది. నాయన గొంతే. పడిపోయే ముందు బీడీల దగ్గుతో గరగరలాడిన గొంతు కాదు. నేను చిన్నపిల్లగా ఉన్నప్పటి గొంతు.

మేకపోతు బావి అంచున ముందుకాళ్లు పెట్టి ఆగింది. వెనక్కి తిరిగింది. మందంతా దానితో పాటు తిరిగి, నన్ను రాసుకుంటూ ఇంటి దారి పట్టింది. దప్పికతో ఉన్న గొర్రెలు నీళ్లను వదిలి వెనక్కి తిరగడం అంతకుముందు నేను చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

బావికి అవతల పక్క మా పల్లె హుస్సేన్‌బీ అత్త పొయ్యి కోసం కంప కొట్టుకుంటోంది. కొడవలి చేతిలోనే పట్టుకుని వచ్చింది.

"ఏమ్మే, మీ నాయనకు మాట వచ్చినాదా? యాడుండాడు?"

"రాలేదత్తా. ఇంట్లో పండుకోనుండాడు."

"మరి ఇప్పుడు పిలిచిందెవురు? ఆయప్ప గొంతు నాకు తెలీదా?"

ఆమె కొంగు తల మీదికి లాక్కుని, "యా అల్లా" అని అక్కడే కూర్చుండిపోయింది. అందుకే నాకేదో భ్రమ కలిగిందని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఆమె విన్నది, గొర్రెలూ విన్నాయి.

ఇంటికి వచ్చేసరికి మంద అప్పటికే దొడ్డిలో దూరింది. అమ్మ వాకిట్లో నిలబడి ఉంది. "ఏమే, ఇంత పొద్దుండగానే వచ్చేసినాయి?" అంది. జరిగింది చెబితే ముఖం తెల్లబోయింది. నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

నాయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన పళ్లెం ఖాళీగా ఉంది. తిన్నాడు.

అమ్మ చాటలో కొర్రలు ఏరుతూ, ఎప్పటిలాగే నాకోసం, మందకోసం పైకే ప్రార్థన చేస్తోందట. గోడ వైపు తిరిగి పడుకున్న నాయన ఉన్నట్టుండి తలెత్తి చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడట. ఎవరైనా వచ్చారేమోనని అమ్మ బయటికి వెళ్లి చూసింది. ఎవరూ లేరు. తిరిగి వచ్చేసరికి ఆయన ఏడుస్తున్నాడు. "కోపంగా ఏడ్చలేదు పాపా. శానా దినాలకు ఇంటికొచ్చినోని మాదిరి ఏడ్చినాడు" అంది. ఇంట్లో మాత్రం ఏ శబ్దమూ లేదు. ఆమెకు ఏమీ వినబడలేదు.

నేను ఆయన ముందు కూర్చున్నాను. "నాయనా, నువ్వేనా పిలిచింది?"

కాదన్నట్టు తల ఊపాడు. ఎడమ చెయ్యి చెవి మీద పెట్టుకున్నాడు. తర్వాత అదే చెయ్యి తన రొమ్ము మీద పెట్టుకున్నాడు.

నాకు భయం వేయలేదు. ఏదో చాలా పెద్దది మా చిన్న ఇంట్లోకి వచ్చి మా మధ్య కూర్చున్నట్టుంది. కాసేపటికి అమ్మ లేచి, మళ్లీ కొర్రలు ఏరుకోసాగింది.

నాయనకు మాట తిరిగి రాలేదు. కానీ ఆ రోజు తర్వాత పళ్లెం గోడకు తగలలేదు. నాకు సైగ అర్థం కాకపోతే నవ్వి, మళ్లీ మొదటి నుంచి చూపించేవాడు. గాలి, దారి, నీళ్లు, తోడేలు జాడ, అన్నీ ఒక్క చేత్తోనే నేర్పాడు. అమ్మ ప్రార్థనకు కూర్చుంటే పక్కకు జరిగి చోటు ఇచ్చేవాడు. అంత నెమ్మది ఆ మనిషిలో కాళ్లూ చేతులూ బాగున్న రోజుల్లో కూడా నేను చూడలేదు.

తర్వాత వానలు పడి కుంట నిండింది. నాయన బాప్తిస్మం తీసుకుంటానని సైగ చేశాడు. నేనూ అమ్మా చెరోపక్క పట్టుకుని నీళ్లలోకి దింపాం. ప్రభువును నమ్ముతున్నావా అని పాస్టరుగారు అడిగి, ఆయనకు మాట లేదని గుర్తొచ్చి నొచ్చుకున్నారు. నాయన తడి చెయ్యి ఎత్తి చెవి మీద పెట్టుకున్నాడు. తర్వాత రొమ్ము మీద పెట్టుకున్నాడు. పాస్టరుగారికి అర్థం కాలేదు. నాకు ఏడుపు ఆగలేదు.

నాయనా అమ్మా ఇద్దరూ ఇప్పుడు లేరు. నేను కదిరిలో మిషను కుట్టుకుంటూ బతుకుతున్నాను. మనసు అదుపు తప్పి పరిగెత్తే రోజులు నాకూ ఉన్నాయి. అప్పుడు మధ్యాహ్నం మిషను ఆపి, కాసేపు ఊరికే చెవి పెట్టి కూర్చుంటాను. ఆ పిలుపు మళ్లీ వినబడలేదు. అయినా నెమ్మది వస్తుంది.

దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. ఆ రోజు జరిగింది ఏమిటని అడిగితే మాత్రం చెప్పడం చేతకాదు. ఆ గొంతు మా నాయనదే. పిలిచింది మా నాయన కాదు.