ఐసు పెట్టెలో నాయనమ్మ చిక్కుడు గింజలు

డిగ్రీ అయ్యాక ఉప్పల్ దగ్గర ఒక విత్తనాల నిల్వ కేంద్రంలో నాకు చిన్న కొలువు దొరికింది. రోడ్డు పొడుగునా మెట్రో స్తంభాలు అప్పుడప్పుడే లేస్తున్నాయి. నాచారం నుంచి బస్సులో ఒళ్లో పుస్తకం పెట్టుకుని కూర్చుంటే ఎవరితోనూ మాట్లాడాల్సిన పని ఉండేది కాదు. పనిలోనూ అంతే. గింజలను బాగా ఆరబెట్టి, రేకు సంచుల్లో పోసి, మూతి అతికించి, గడ్డకట్టే చలిగదిలో పెట్టేవాళ్లం. గింజలు మనల్ని ఏమీ అడగవు.

ఇంట్లో నాయనమ్మ అడిగేది. "ఇయ్యాల ఏం గింజల్ని పండవెట్టి వచ్చినవే?" అని. చేరిన కొత్తలోనే ఆమెకు, చలిలో గింజ ఏళ్లకేళ్లు నిద్రపోతుందనీ, మళ్లీ మట్టిలో పెడితే లేస్తుందనీ చెప్పాను. చెంపకు చెయ్యి ఆనించుకుని విన్నది.

మా అద్దె ఇంటి వెనక కాస్త మట్టి ఉండేది. నాయన ఫ్యాక్టరీ పనికని మేము ఊరు వదిలినప్పుడు నాయనమ్మ కొంగున కట్టుకుని తెచ్చిన చిక్కుడు ఏటా ఆ గోడ మీదే పాకేది. కాయ అంచున ఊదా రంగు గీత. వాళ్లమ్మ ఇచ్చిన గింజ అది. ఊళ్లో అందరూ పత్తికి మళ్లాక ఇంకెవరి దగ్గరా మిగల్లేదు. ఆ ఏడు ఓనర్లు వెనక గది కడతామని తీగ పీకించారు.

ఓ ఆదివారం ఓనరాంటీ నన్ను పిలిచింది. "మీ నాయనమ్మ మా ఫ్రిజ్జుల గింజలు దాసింది. మా పోరగాళ్లకు ఐసు వెట్టుకునే జాగ లేదు. జర సూడు."

ఐసు పెట్టెలో స్టీలు డబ్బా. పీకేసిన తీగ పచ్చి కాయల్లోంచి ఒలిచిన గింజలు మంచుతో ముద్దయి ఉన్నాయి. తడి ఉన్న గింజ గడ్డకడితే లోపలి నీరే దాన్ని చీల్చేస్తుంది.

"ఎండబెట్టలేదా నాయనమ్మా? ఎప్పుడూ ఎండబెట్టేదానివిగా?"

"ఎండవెట్టేది బయట డబ్బల దాసేటప్పుడు. నిద్రవుచ్చేటోళ్లను ఎండల పండవెడ్తరానే? పచ్చిగుంటే పానం మంచిగుంటదనుకున్న." తర్వాత మెల్లగా అడిగింది. "బతికున్నయా?"

నాకు తెలియలేదు. తెలుసుకోవాలంటే మా కేంద్రం చూసుకునే మేడాన్ని అడగాలి. ఆమెతో నేను "అలాగే మేడం" తప్ప ఇంకో మాట అన్న గుర్తు లేదు. మర్నాడు డబ్బా పట్టుకుని ఆమె గది బయట నిలబడ్డాను.

"ఏంటమ్మా, కాపలా కాస్తున్నావా? లోపలికి రా."

డబ్బా తెరిచి చూపించాను. ఆమె నవ్వబోయి, నా ముఖం చూసి ఆగింది. "పచ్చివే పెట్టేశారా? పోయుంటాయమ్మా. సరే, మొలకకు పెట్టి చూద్దాం."

తడి కాగితంలో వరసగా పేర్చి, చుట్టి, వెచ్చటి పెట్టెలో ఉంచాం. రోజూ సాయంత్రం నాయనమ్మ గేటు దగ్గర నిలబడి నా ముఖం చూసేది.

చుట్ట విప్పిన రోజు ముందు వాసన వచ్చింది. గింజలన్నీ జిగటగా చితికిపోయాయి. చివరన మూడింటికి మాత్రం తెల్లటి వేర్లు.

"ఇవి తీగ మీదే ఎండిపోయినవయ్యుంటాయి," అంది మేడం.

పరీక్ష అయ్యాక మొలకలను పారేయడం అక్కడి అలవాటు. బుట్ట వైపు నా చెయ్యి కదల్లేదు. "మేడం, ఇవి తీసుకెళ్లొచ్చా?"

"మీ ఇంటి గింజలు తీసుకెళ్లడానికి అంత వణుకెందుకమ్మా?"

ఓనరాంటీ ఖాళీ పెయింటు బకెట్లు ఇచ్చింది, "ఫ్రిజ్జు కన్న గివే నయం" అంటూ. డాబా మీద తీగలు బట్టల దండేన్ని పట్టుకుని సాగాయి. ఈసారి నాయనమ్మ ఒక్క కాయా కూరకు తెంపనివ్వలేదు. తీగ మీదే ఎండి గలగలమనేదాకా ఆగింది. అడిగిన అమ్మతో "కూరకు మార్కెట్ల లేవా?" అంది.

గింజలు నిల్వకు తీసుకుంటామని మేడం ఒప్పుకుంది. నాయనమ్మనూ రమ్మంది. మూతి అతికించే ముందు నాయనమ్మ ఆ రేకు సంచిని చెవి దగ్గర ఆడించి చూసుకుంది.

"మల్ల ఎప్పుడు లేపుతరు?"

"ఏమో నాయనమ్మా. నేను ముసలిదాన్నయ్యాక కావచ్చు."

నన్ను ఎగాదిగా చూసింది. "గప్పటికి నీ నోట్ల పండ్లుండయి. జర మెత్తగ ఉడకవెట్టుకో."

మేడం పగలబడి నవ్వింది. చలిగది తలుపు తీస్తే తెల్లటి ఆవిరి మా కాళ్ల మీదికి వచ్చింది. నాయనమ్మ నా మందపు కోటు గుండీలు మెడదాకా పెట్టి, సంచి నా చేతికిచ్చింది.

"పో, పెట్టి రా."