సంపెంగా, మొగలా

రాజమండ్రి మెయిన్‌రోడ్డులో అత్తర్లు అమ్మే వెంకటరత్నం గారు సీసా మూత తీసి ఒక్కసారి పీల్చారంటే అందులో ఏ పువ్వుందో, ఏం కల్తీ చేశారో చెప్పేసేవారు. డెబ్బై ఎనిమిదిలో ఆయనకు యాభై రెండేళ్ళు. ఆ ఏడాది కార్తీకంలో పన్నెండు రోజులు విషజ్వరంతో మంచం పట్టి, లేచిన మర్నాడే కొట్టు తెరిచారు.

మొదట వచ్చింది అప్పాయమ్మ. ఇంటింటికీ తిరిగి చేపలు అమ్ముతుంది. బుట్ట మెట్టు మీద దించి అంది: “మంచి సెంటు ఇవ్వండి శెట్టిగారూ. మా చెల్లెలి కూతురి పెళ్ళి. ఈ ఒక్కసారైనా చేపల వాసన లేకుండా వెళ్ళాలనుంది.”

ఆయన రెండు సీసాలు తీసి ముందు పెట్టారు. “ఇది సంపెంగ, ఇది మొగలి. నన్నడిగితే సంపెంగే తీసుకో. సరుకు బావుంది.”

అప్పాయమ్మ సీసాలు ముట్టుకోలేదు. ఆయన మొహంలోకి చూసింది. “ఒంట్లో బానే ఉందాండి?”

“ఏం?”

“మెట్టు మీద బుట్ట పెడితే అవతల పెట్టమంటారు కదండీ ఎప్పుడూ. ఇవాళ నిన్నటి చేపలు కూడా ఉన్నాయి ఇందులో. మీరేం అనలేదు.”

వెంకటరత్నం గారు బుట్ట మీదికి వంగారు. ఏమీ లేదు. సంపెంగ మూత తీసి పీల్చారు. మొగలి తీసి పీల్చారు. మంచినీళ్ళ సీసాలు వాసన చూసినట్టుంది. పటం ముందు అగరుబత్తి పొగలో మొహం పెడితే కళ్ళు మండాయి, అంతే. పొద్దున కాఫీ వేణ్ణీళ్ళలా ఉంటే జ్వరం నోరు అనుకున్నారు. బల్ల మీద కూలబడ్డారు.

“నాకు వాసన తెలియట్లేదు అప్పాయమ్మా.”

ఇంట్లో భార్యకంటే ముందు ఆ మాట విన్నది ఆమే. సీసాలు అందుకుని ఒకదాని తర్వాత ఒకటి వాసన చూసింది. నెమ్మదిగా అంది: “మొగలి బావుందండి. సంపెంగ మటుకు పాడైపోయింది. మురిగిన నూనె కంపు కొడుతోంది.”

ఆయన సంపెంగ సీసా అందుకుని పక్కన పెట్టేశారు. సరుకు బావుందని తన నోటితోనే చెప్పారు ఇందాక. ఆమె మొగలి తీసుకుని వెళ్ళిపోయింది.

కాకినాడలో డాక్టరుకు చూపించారు. ఏడాదిలో తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు అన్నాడాయన. రాలేదు.

అప్పటిదాకా కొట్టు గడప తొక్కని భార్య అన్నపూర్ణమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఆమె పీల్చి ఎలా ఉందో చెప్పేది. తీపిగా మొదలై ఘాటుగా దిగుతోందంటే, ఆయన పువ్వు పేరు చెప్పేవారు. రెండేళ్ళకు ఆ అవసరం కూడా లేకుండా నేర్చుకుందామె.

ఓ ఉదయం ఆయన అటు తిరిగి మల్లె సీసా మూత తీయడం ఆమె చూసింది.

“ఏమన్నా తెలిసిందాండీ?”

“లేదు” అని మూత బిగించి, అప్పుడే మెట్టెక్కుతున్న మనిషిని ఏం కావాలని అడిగారు.