పేరు చెక్కిన గిన్నె

పోయిన వారం కెనడా నుంచి పార్సిల్లో వచ్చిన స్టీలు గిన్నెలో ఇవాళ మిరియాల చారు కాచాను. తాలింపు వాసన వంటింట్లోంచి హాల్లోకి వచ్చేసరికి, చిన్నప్పుడు న్యూజెర్సీలోని పిస్కాటవేలో మేం అద్దెకున్న రెండు వాటాల ఇల్లు, దాని మధ్యగోడ, ఆ గోడ అవతల పాడే డోరీన్ ఆంటీ గుర్తొచ్చి, దుఃఖం కన్నా ముందు కోపం వచ్చింది.

డెబ్భైల చివర, నేను సెకండ్ గ్రేడ్‌లో ఉండగా ఆవిడ మా పక్క వాటాలో దిగింది. కెనడాలోని విన్నిపెగ్‌లో పదహారో ఏటి నుంచి క్లబ్బుల్లో పాడిందట. ఒక బ్యాండు విడిపోతే ఇంకొకటి, అదీ విడిపోతే మరొకటి, అలా టొరంటో మీదుగా న్యూజెర్సీ సముద్రపొడ్డు క్లబ్బుల దాకా వచ్చింది. నేను స్కూలు నుంచి వచ్చే వేళకి సాధన మొదలుపెట్టేది. చలికాలం హీటరు వేడికి ఇల్లంతా ఎండిన దుమ్ము వాసన వేస్తుంటే నేను ఆ గోడకి ఆనుకుని హోంవర్క్ చేసుకునేదాన్ని. వేసవిలో ఆవిడ కిటికీ కింద, ఆ పాట దరువుకే తాడాట ఆడేవాళ్ళం. రాక్ పాటంటే అరుపని నాన్న అనేవారు. అది అరుపు కాదు. గరుకుగా ఉన్నా, ఎక్కడ ఆగాలో తెలిసిన గొంతు.

ఆ గొంతు బొంగురుపోయినప్పుడల్లా అమ్మ మిరియాల చారు పంపేది, పెళ్ళికి పుట్టింటివాళ్ళిచ్చిన గిన్నెలో. దాని అంచు మీద చుక్కలు చుక్కలుగా 'సత్యవతి' అని అమ్మ పేరు చెక్కి ఉండేది. ఆ చుక్కలేమిటని ఆవిడ అడిగితే అమ్మ చెప్పినదాన్ని నేను ఇంగ్లీషులో అందించాను: పేరుంటే గిన్నె ఏ ఇంటికెళ్ళినా తిరిగొస్తుంది.

"అయితే నా గొంతు మీద కూడా ఒకటి చెక్కమను మీ అమ్మని," అని నవ్విందావిడ.

ఎనభైల్లో ఒక కంపెనీ ఆవిడతో ఆల్బమ్ పాడించింది. జనం పాటల్ని టీవీలో చూడటం మొదలైన కాలం. ముప్ఫై ఏడేళ్ళ మొహం టీవీకి పనికిరాదని, రికార్డు అట్ట మీద ఇరవయ్యేళ్ళ అమ్మాయి ఫొటో వేశారు. టీవీలో ఆ పాటలకి ఆ అమ్మాయే పెదాలు కదిపింది. డోరీన్ పేరు వెనకవైపు, కృతజ్ఞతల్లో, స్టూడియోకి భోజనాలు పంపిన హోటలు పేరు కింద ఉంది. ఇరవై ఏళ్ళు క్లబ్బుల్లో పాడిన మనిషికి వాళ్ళు చూపించిన చోటు అది.

ఆ రికార్డు తెచ్చి ఆవిడ మా టేబుల్ మీద పెట్టింది.

"కాంట్రాక్ట్ సైన్ చేసిందిగా, లీగల్‌గా వాళ్ళదే," అన్నారు నాన్న.

"సైన్ చేస్తే గొంతు వాళ్ళదైపోద్దా అండీ? గిన్నెకే పేరుంటే మనిషికి ఉండక్కర్లేదా?" అమ్మ నా వైపు తిరిగింది. "ఏమే, నీ జామెట్రీ బాక్స్ పట్రా."

కంపాస్ ముల్లుతో, ఆ అమ్మాయి ఫొటో మీదే, చుక్కలు చుక్కలుగా 'డోరీన్' అని తెలుగులో పొడిచింది. అదేమిటో ఆంటీకి చెప్పాను. ఆవిడ ఆ చుక్కల్ని వేలితో తడుముతూ, "మొత్తానికి అట్ట ముందుకొచ్చాను," అంది.

ఆ వసంతంలోనే విన్నిపెగ్ వెళ్ళిపోయి మళ్ళీ క్లబ్బుల్లో పాడుకుంది. ఆఖరిసారి చారు పంపిన గిన్నె సామానుతో వెళ్ళిపోయింది. నేను గుర్తుచేసినప్పుడల్లా అమ్మ, "పేరుందిగా, వస్తుందిలే," అనేది. దాన్ని మళ్ళీ చూడకుండానే అమ్మ పోయింది.

ఈ చలికాలం డోరీన్ ఆంటీ పోతే, ఆవిడ మేనకోడలు గిన్నె పంపింది. లోపల ఆంటీ చేతిరాతతో నా అడ్రస్ చీటీ ఉంది. ఆ ఆల్బమ్ ఇప్పుడు ఫోన్లోనూ దొరుకుతుంది, అదే అమ్మాయి ఫొటోతో. ఆంటీ పేరు వెయ్యమని ఆ కంపెనీకి మూడుసార్లు రాశాను. అంతా కాంట్రాక్ట్ ప్రకారమే ఉందని మర్యాదగా జవాబిచ్చారు.

ఆ రెండు వాటాల ఇల్లు లేదు, ఆవిడ పాడిన క్లబ్బులు లేవు, గిన్నెల మీద పేర్లు చెక్కించుకునేవాళ్ళూ నాకు తెలిసి ఎవరూ మిగల్లేదు. అమ్మ అన్నట్టే పేరున్న గిన్నె తిరిగొచ్చింది. పాట మీద పేరు పడనివ్వలేదు కాబట్టి, అది ఇంకా వాళ్ళింట్లోనే ఉంది.