గుండె రాయి చేసుకునే పాఠం

ఆసుపత్రిలో నా భార్య సుభద్ర చివరి రోజు మామూలుగానే తెల్లవారింది. పొద్దున కాస్త జావ తాగింది. మధ్యాహ్నం డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, "బ్రేస్ యువర్‌సెల్ఫ్" అన్నాడు. చీకటి పడేలోగా పోయింది. నెల కావస్తోంది.

అశోక్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షలు రాసేవాళ్లకు నేను ఇంగ్లీషు చెబుతాను. ఈ రోజు పాఠంలో డాక్టరు అన్న ఆ మాటే వచ్చింది. పక్కనే "స్టీల్ యువర్‌సెల్ఫ్" కూడా ఉంది. రెండింటికీ గుండె రాయి చేసుకోవడమని అర్థం చెప్పాను.

"చేసుకుంటే నొప్పి తక్కువైతదా సార్?" అని అడిగింది పాలమూరు నుంచి వచ్చి చదువుకుంటున్న అమ్మాయి. అందరూ నవ్వారు.

"పరీక్షలో అంతవరకు అడగరమ్మా" అన్నాను.

ఇంటికి వస్తుంటే చిక్కడపల్లి సందులో దర్జీ కేకేశాడు. ఆసుపత్రికి వెళ్లేముందు సుభద్ర అతనికి జాకెట్లు కుట్టమని ఇచ్చింది.

"సారూ, అక్క జాకెట్లు తయారున్నయ్. జర ఆమెనే పంపుండ్రి. తొడిగి చూడకుంట ఇస్తే నాతోని లడాయి పెట్టుకుంటది."

"రేపు వస్తుంది" అన్నాను.

ఇన్ని ఇంగ్లీషు మాటలు నేర్పేవాణ్ని, "పోయింది" అన్న ఒక్క మాట నోట రాలేదు. మీరైతే ఎలా చెప్పేవారు? తెలిసినవాళ్లు చెప్పండి, నాకు అవసరం.

రేపు పొద్దున అతను కొట్టు తెరవగానే వెళ్లి, ఆమె ఇక రాదని చెప్పి, జాకెట్లు తెచ్చుకుంటాను.