మాబున్నీ ఓడిపోయిన మీటింగు

మా మాబున్నీకి నోరెక్కువ. ఈ మాట ఆమె ముందే అంటాను, నాకేం భయం? నంద్యాల నూనెపల్లెలో ఒకే వరుస అద్దె గదుల్లో పక్కపక్కనే ముసలివాళ్లమయ్యాం. నేను బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఆమె ఇప్పటికీ జాకెట్లు కుడుతుంది. మిషను తొక్కి తొక్కి మోకాళ్లు అరిగాయి గానీ నోరు అరగలేదు.

యజమానిది ఆళ్లగడ్డ. ఆ గదులు అమ్మేస్తున్నాడని తెలిసి మేమంతా తలా ఒక వీధిలో ఇల్లు వెతుక్కుంటుంటే, మాబున్నీ నన్ను లాక్కుని ఆళ్లగడ్డ బస్సెక్కింది.

"కొనేటోళ్లు యాడో లేరప్పా, నీ ముందరే ఉండాం" అంది ఆయనతో. ఆయన నవ్వి సరేనన్నాడు.

వచ్చి సొసైటీ పెట్టించింది. ఇళ్లు సొసైటీవి, సొసైటీ మనందరిది, ఏదైనా చేతులెత్తి తేల్చుకోవాలంది. నన్ను బలవంతంగా అధ్యక్షురాలిని చేసింది. అప్పు తెచ్చి, ఆ గదులు కొని, పడగొట్టి, కింద కొన్ని, పైన కొన్ని ఇళ్లు కట్టించాం. ఇల్లు కట్టి చూడు అన్న పెద్దలు, పదిమందితో కలిసి కట్టి చూడు అనలేదు. ప్రతి మీటింగులో అందరూ ఆమె ముఖం చూసే చేతులెత్తేవాళ్లు. ఆమెకు ఒళ్లు మండేది.

"నా మొగం జూసి ఎత్తేదేందీ? ఇండ్లు నాయొక్కదానివా?"

ఎవరికి ఏ ఇల్లో చీటీలు వేశాం. మా వరుసలోనే ఉండే జానకమ్మ వాస్తు పేరు చెప్పి కింద తూర్పు ఇల్లు అడిగింది.

"వాస్తంతా చీటీలోనే ఉంది. వచ్చింది తీసుకోవాల, మార్చేది లేదు" అని మాబున్నీ ఆమె నోరు మూయించింది. ఆ రూలుకూ చేతులెత్తాం. తర్వాత మాబున్నీ చీటీ విప్పితే మేడ మీది ఇల్లు వచ్చింది.

మర్నాడు, ఇళ్లు కట్టేదాకా ఆమె తలదాచుకున్న గదికి నేను వెళ్లేసరికి మూట కడుతోంది. చాగలమర్రిలో తమ్ముడి దగ్గరికి పోతుందట.

"మెట్లెక్కలేను గదక్కా. నేనే రూలు తప్పితే రేపెవురింటారు?"

"నీ రూలు పాడుగాను" అన్నాను. కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆమె తిట్లు వినకుండా నాకు పొద్దు గడవదు. నా కింది ఇల్లు ఇద్దామంటే నా మోకాళ్లూ ఆ బాపతే. "ఆదివారం మీటింగులో అందరికీ చెప్పి పో" అన్నాను.

ఆదివారం పంక్చర్ షాపు తౌఫీక్ లేచాడు. అతనికి వచ్చింది నా పక్కిల్లే.

"నా కింది ఇల్లు పెద్దమ్మకు, పెద్దమ్మది నాకు. సొసైటీ ఒప్పుకోవాల."

"కూచోరా. రూలు రూలే" అంది మాబున్నీ.

"నువ్వు కూచో పెద్దమ్మా. ఇది మీటింగు."

ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి అన్నాను. అందరికంటే ముందు జానకమ్మ చెయ్యి లేచింది. వెనకే అందరివీ లేచాయి. ఒక్కరూ మాబున్నీ ముఖం చూడలేదు.

ఒప్పుకోనివాళ్లు అన్నాను. ఆమె ఒక్కతే ఎత్తింది. అటూ ఇటూ చూసింది.

"పొగరెక్కింది మీకు" అంది, చెంగుతో కళ్లొత్తుకుంటూ.

ఎత్తిన చెయ్యి దించడం మరిచిపోయింది. నేనే పట్టుకుని దించాను.