బాపు రెండుసార్లు చూసిన కత్తుల సినిమా

నా పెండ్లయిన రెండో ఏడు బాపు నన్ను చూద్దామని పెద్దపల్లి దిక్కున్న మా ఊరి నుంచి మంచిర్యాలల మా ఇంటికి వచ్చిండు. మగ్గం విడిచి ఊకె కూసునుడు ఆయనతోని కాదు. రెండో దినం పొద్దుగాలనే ఇగ నేను పోత అన్నడు. ఎట్లన్న ఆపాలని మ్యాట్నీ సినిమాకు తీస్కపోయిన.

అది ఒక రాజ్యం కథ. గద్దె కోసం అన్నదమ్ములు కొట్లాడుతరు, రాజ్యమంత రెండు ముక్కలైతది. హీరో తమ్ముని దిక్కు. కోటగోడ మీది నుంచి తాడు పట్టుకొని దుంకుతడు, ఒక్కడే పదిమందిని కత్తితోని తరుముతడు. బాపు బెంచి అంచుకు జరిగి నవ్వుకుంట చూసిండు. ఆయన అట్ల నవ్వంగ నేనెన్నడు చూడలే.

నడుమ ఒక ముసలి రైతు వస్తడు. దెబ్బలు తాకిన అన్న దిక్కు సిపాయిలకు నీళ్లు పోస్తడు. వాళ్లు పోయినంక హీరో మంది వస్తే వాళ్లకు గూడ పోస్తడు. హీరోకు సంగతి తెలిసి, నువ్వు దుష్మన్ మనిషివని ఒక్క వేటుకు నరుకుతడు. హాలంత ఈలలు.

బాపు నా దిక్కు తిరిగి, "గాయన చేసిన తప్పేంది బిడ్డా?" అన్నడు.

అవతలోళ్లకు నీళ్లు పోసిండు గద బాపు అన్న.

"వీళ్లకు గూడ పోసె గద."

నేను తెర దిక్కు తిరిగిన. సినిమా అయ్యేదాక ఆయన మల్ల నవ్వలే.

ఇంటికొచ్చి చాయ తాగుకుంట మెల్లగ చెప్పిండు. నేను చిన్నపిల్లగున్నప్పుడు, ఊర్లె గడబిడ నడిచిన దినాలల్ల, ఒక దిక్కోళ్లు పొద్దున వస్తే ఇంకో దిక్కోళ్లు మాపటికి వచ్చేటోళ్లట. అందరి చేతులల్ల తుపాకులే. ఎవలడిగినా అవ్వ జొన్న గట్క వండి పెట్టిందట. వచ్చినోళ్లంత మా సుట్టాలని అప్పట్ల నేననుకున్న. ఒకనాడు బాపును వాకిట్ల పడేసి కొట్టిండ్రట. ఆయన ఎడమ చెయ్యి పైకి లేవకపోవుడు మగ్గం పనితోని అనుకుంటి, ఇన్నేండ్లు.

ఎవలు కొట్టిండ్రని అడిగిన.

"మొఖాలకు రుమాల్లు కట్టుకున్నరు. ఇటోళ్లో అటోళ్లో ఇప్పటికి తెల్వది. కోపం ఎవల మీద పెట్టుకోవాలె బిడ్డా?"

తెల్లారి నేను పనిల ఉండంగ, చెప్పకుంటనే పోయి అదే సినిమా మల్ల చూసొచ్చిండు. మొదటిసారి ఏదన్న చూడక ఇడిసిపెట్టిన్నేమో, ముసలాయన తప్పు అండ్ల ఉన్నదేమో అని పోయిండట. ఏం దొరకలేదట.

బువ్వ తినేటప్పుడు మా ఆయన, సినిమా కథేందని అడిగిండు. బాపు తల వంచుకొని తింటుండు. నేనే మొదలువెట్టిన. తాడు, కోట, కత్తులు అన్ని యాదికొచ్చినయి. ఆఖరికి గెలిచింది అన్ననో తమ్ముడో ఎంత ఆలోచించినా యాదికి రాలే.