చరణం అందించిన గొంతు

మా చర్చి క్వయర్ మాస్టారు పోయారన్న కబురు ఆయన ఇల్లాలే స్వయంగా తెచ్చారు. ఉదయం డాబా మీద వడియాలు పెడుతుంటే కింద గేటు చప్పుడైంది. మావాళ్ళలో అక్కను అప్ప అంటారు, నేను ఆవిడను అలాగే పిలుస్తాను. అప్ప ఏడవలేదు. గేటు చువ్వ పట్టుకుని, "మాస్టారు ఎల్లిపోనారమ్మా, తెల్లారగట్ల" అన్నారు. నేను మెట్లు దిగి వచ్చేసరికి మళ్ళీ ఆవిడే అడిగారు. "సాయంత్రం సర్చిలో పాటలుంటాయి కదా. సరణాలు ఎవులందిస్తారే?"

ఆవిడ చెయ్యి పట్టుకుని వాళ్ళింటికి నడిచాను. ఖరగ్‌పూర్ ఝపటాపూర్ పేటలో మా ఇంటికి వాళ్ళిల్లు రెండిళ్ళ అవతల.

చరణం అందించడం అంటే బయటివాళ్ళకు తెలియకపోవచ్చు. మా తెలుగు చర్చిలో ముందు వరుసల్లో కూర్చునే మామ్మలకు చదువు రాదు. వాళ్ళ మగవాళ్ళు రైల్వే కార్ఖానాలో పనికని శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినప్పుడు వెంట వచ్చినవాళ్ళు. కీర్తనల పుస్తకం ఒళ్ళో ఉంటుంది, తెరవరు. అందుకని ఒక పంక్తి పాడడం ముగిశాక, డోలక్ ఒక్క చుట్టు తిరిగి వచ్చేలోగా, తర్వాతి పంక్తిని మాస్టారు మాటలుగా చెప్పేసేవారు. రాగం లేదు, ఉత్త మాట. కానీ తాళంలో సరిగ్గా ఇమిడిపోయేది. మామ్మలు దాన్ని అందుకుని పాడేవారు. వాళ్ళ వెనక మేమూ.

"అది పాట కాదమ్మా" అనేవారు మాస్టారు. "గడప ముందు ఏసే పీట. పీటెక్కి మామ్మలు లోనకొస్తారు. పాట లోపలుంటాది."

నేను పెళ్ళయి ఖరగ్‌పూర్ వచ్చింది ఎనభైల మొదట్లో. వచ్చిన మొదటి ఆదివారమే ఆయన నన్ను పిలిచి గొంతు చూశారు. ఆయన చొక్కా జేబులో రుమాల్లో చుట్టిన రెండు కొమ్ముల ఇనప కడ్డీ ఒకటి ఎప్పుడూ ఉండేది. మోచేతికి తాటిస్తే ఒకే ఒక్క స్వరం పలికేది. మేమంతా దాన్ని శ్రుతి కడ్డీ అనేవాళ్ళం. దాన్ని నా చెవి దగ్గర పెట్టి, "సా పట్టు" అన్నారు. కొత్త కోడలిని, సిగ్గుతో గొంతు పెగల్లేదు. ఆయన విసుక్కోకుండా మళ్ళీ తాటించారు. ఎప్పటికో నా గొంతు దానితో కలిసింది. "గొంతు సన్నమా, లావా, నాకక్కర్లేదు. సా దొరికితే మనిషి దొరికినట్టే" అన్నారు. పుట్టింటి మీద బెంగతో ఉన్న నాకు ఆ మాట అన్నంలా కడుపులోకి దిగింది.

ఆయనకు ఊళ్ళో ప్రతిదానికీ ఒక స్వరం ఉండేది. కార్ఖానా కూత సా కంటే ఇసుమంత కింద ఉందని పనిలో చేరిన నాటి నుంచీ బాధపడుతూనే రిటైరయ్యారు. గోల్‌బజార్‌లో చేపలమ్మే దీదీ గాంధారం మీద అరుస్తుందని, అందుకే ఆమె దగ్గరే చేపలు కొనాలని అప్పకు చెప్పేవారు. "ఈయన రాగం సూసి కొంటారు, కుళ్ళినవో మంచివో నేను సూసుకోవాల" అని అప్ప దెప్పేవారు. మా ఇంటి కుక్కర్ విజిల్ వేస్తే రెండిళ్ళ అవతల నుంచే పేరు పెట్టి స్వరం చెప్పేవారు. నేను నవ్వుకుంటూ పొయ్యి కట్టేసేదాన్ని.

తొంభైల చివర్లో మా అమ్మాయి కాలేజీలో చేరింది. ప్రేమ్ బజార్‌లో క్యాసెట్లు నింపి ఇచ్చే దుకాణం నుంచి ర్యాప్ అనే కొత్త రకం పాటలు తెచ్చుకునేది. పాట అన్నాను గానీ, ఎవరో గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతున్నట్టే ఉండేది నాకు. మెంతుల డబ్బాలో మెంతులు, జీలకర్ర డబ్బాలో జీలకర్ర పెట్టుకునే మనిషిని. ఇది ఏ డబ్బాలోదో తెలిసేది కాదు. ఆ ఏడు క్రిస్మస్‌కు అమ్మాయే ఒకటి కట్టింది. సత్రాల్లో చోటు దొరక్క యోసేపు తిరగడం గురించి. మాస్టారింటి వరండాలో నిలబడి, చేత్తో తొడ మీద దరువు వేస్తూ వినిపించింది.

"గదుందేటి దాదా, గదుందేటి,
గడప గడప అడిగినాడు, అందరి మాటా ఒకటేటి:
జాగా లేదు, జాగా లేదు, ముందుకెళ్ళు, ముందుకెళ్ళు,
నిండు నెలల మనిషుందయ్యా, ఎక్కడికని ఎళ్ళు, ఎళ్ళు?"

మాస్టారు కళ్ళు మూసుకుని చివరి దాకా విన్నారు. వేళ్ళు కుర్చీ చేతి మీద తాళం వేస్తూనే ఉన్నాయి. "మూడో పంక్తిలో ఊపిరి తప్పు సోట తీసినావు. రెండో లేదు అన్నకాడ తీయి" అన్నారు.

"అయితే పాటల్లో పెడతారా మాస్టారూ?"

"బాగుంది. పాట కాదు. సా ఏదే గుంటా?"

"డోలక్‌కి సా ఏది?"

"డోలక్‌ని తాళ్ళు బిగించి శ్రుతి సేస్తారే. దానికున్న బుద్ధి నీ ర్యాప్‌కి లేదు."

అమ్మాయి ఊరుకోలేదు. "మరి మీరు సరణం అందిస్తారు కదా, అది ఏ సా మీద?"

"అది సంగీతమని నేనెప్పుడన్నాను? పీట అన్నాను." ఆయన నవ్వుతూనే అన్నారు. "సా లేనోడు సంగీతగాడు కాడు. నువ్వైనా, నేనైనా."

క్రిస్మస్ రోజు అమ్మాయి దాన్ని పాటల్లో కాదు, పిల్లల పద్యాల మధ్య చెప్పింది. జనం ఈలలు వేశారు. మాస్టారు తాళం వేశారు గానీ చప్పట్లు కొట్టలేదు.

ఆ మరుసటి వానాకాలానికి ఆయన గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నాం. మిరియాల కషాయం, లవంగం, ఆవిరి, అన్నీ వరుసగా అయ్యాయి. గొంతులో గడ్డ అన్నారు. కలకత్తా తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించారు. ప్రాణం నిలిచింది. తిరిగి వచ్చాక ఆయన మాట, తలుపు సందులోంచి గాలి వచ్చినట్టు ఉండేది. చెవి ఒగ్గి వింటే పదాలు తెలిసేవి. స్వరం మాత్రం లేదు.

ఒక మధ్యాహ్నం జావ పట్టుకెళ్ళాను. మంచం మీద కూర్చుని మోచేతికి శ్రుతి కడ్డీ తాటిస్తున్నారు. చెవి దగ్గర పెట్టుకుని నోరు తెరిచేవారు. గాలి వచ్చేది. మళ్ళీ తాటించేవారు. మోచెయ్యి ఎర్రగా కందిపోయింది. అప్ప గుమ్మంలో కూర్చుని, "ఒద్దండీ, సాలండీ" అంటున్నారు. ఆయనకు వినబడడం లేదు. జావ చల్లారిపోయాక కడ్డీని రుమాల్లో చుట్టి నా చేతిలో పెట్టారు.

"సా లేదమ్మా" అన్నారు. "ఇంక నేనేటి?"

సా దొరికితే మనిషి దొరికినట్టే అన్నది ఆయనే. కడ్డీ తీసుకెళ్ళి మా దేవుని వాక్యాల పటం వెనక పెట్టాను. ఎప్పుడడిగినా ఇవ్వాలని రోజూ దుమ్ము తుడిచేదాన్ని. అడగలేదు.

చర్చికి రావడం మానేశారు. ఆదివారం గంట మోగితే వరండాలో కుర్చీని గోడ వైపు తిప్పుకుని కూర్చునేవారు. అక్కడ చర్చిలో మా గతి చెప్పనక్కర్లేదు. చరణాలు అందించడానికి ఒక రిటైర్డ్ గార్డుగారు పూనుకున్నారు. ఆయన బండి రాక చెప్పినట్టు నిదానంగా పంక్తి మొత్తం చదివేవారు. డోలక్ చుట్టు తిరిగి వచ్చేసినా ఆయన ఇంకా సగంలోనే ఉండేవారు. ముందు వరుస వినబడ్డంత అందుకునేది, వెనక వరుస పుస్తకంలో ఉన్నది పాడేది. మధ్యలో మామ్మలు ఆగిపోయి ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. కొన్నాళ్ళకు పెదవులు కదపడం కూడా మానేశారు.

చివరికి ఆ మామ్మలే ఒక రోజు ఆయన వరండా ఎక్కారు. వాళ్ళలో పెద్దామె చతికిలబడి, "రా బాబూ, నువ్వు రాకపోతే మాకు నోరు లేదు" అంది.

ఆయన గొంతు చూపించి చెయ్యి ఊపారు.

"నీ గొంతుకెవులికి కావాల? నీ మాట కావాల. మాట ఉంది కదా."

మాస్టారు కుర్చీ చేతి మీద దరువు వేస్తూ, ఆ గాలి గొంతుతోనే అన్నారు. "జాగా లేదు, జాగా లేదు, ముందుకెళ్ళు, ముందుకెళ్ళు." ఊపిరి సరిగ్గా తాళం మీదే తీశారు. మామ్మలు నవ్వారు. ఆయన నవ్వడం లేదని ఒక నిమిషానికి గమనించి లేచి వెళ్ళిపోయారు.

అమ్మాయికి సంగతి చెప్పాను. అది తిన్నగా వెళ్ళి ఆయన ముందు నిలబడింది, వెనకే నేనూ వెళ్ళాను. "మాస్టారూ, మీరు నిన్న మామ్మలకి సెప్పింది ర్యాప్. ర్యాప్ సంగీతమే. అంటే మీరు ఇంకా సంగీతగాడే. ఎందుకొప్పుకోరు?"

"నా గొంతు పోయిందని సంగీతం సరిహద్దు జరపమంటావేటే?" అన్నారు. "నాకు గొంతున్నప్పుడు నిన్ను బయట నిలబెట్టినాను. ఇప్పుడు నాకోసం తలుపు తీసుకోమంటావా? అది న్యాయమేనా?"

అమ్మాయి ఏడుస్తూ గేటు దాకా వచ్చేసింది. వెనక నుంచి ఆయన చప్పట్లు కొట్టి పిలిచారు.

"ఇంకోపాలి సెప్పు. ఆ జాగా లేదు."

అది కళ్ళు తుడుచుకుని చెప్పింది. మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ. దాని నోటికి దగ్గరగా చెవి పెట్టి, మాటకూ మాటకూ మధ్య ఏదో జారిపోయినట్టు వెతుకుతున్నారు. సా దొరుకుతుందేమోనని. దొరికితే తనకూ చోటుంటుందని. దాని గొంతు రాసుకుపోయేదాకా చెప్పించుకుని, తల అడ్డంగా ఊపారు. "ఉన్నట్టే ఉంటాది. పట్టుకుంటే లేదు." ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం నేను చూశాను. ఇంకెప్పుడూ ఎవరి ముఖంలోనూ అలాంటిది చూడకూడదు.

తర్వాతి ఆదివారం ఆయన వచ్చారు. ఎవరమూ అనుకోలేదు. హార్మోనియం పక్కన ఆయన కుర్చీ అలాగే ఖాళీగా ఉంచాం. అటు రాలేదు. గుమ్మం దగ్గర, చెప్పులు విడిచే చోట నిలబడ్డారు. "లోపలికి రండి మాస్టారూ" అని నేను వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. "పీట ఉండాల్సింది గడపకాడేనమ్మా" అన్నారు. పాట మొదలైంది. మొదటి పంక్తి అయి డోలక్ చుట్టు తిరిగేలోగా వెనక నుంచి ఆ గాలి గొంతు పంక్తి అందించింది. అది వినడానికి పసిపిల్లల నోటికి తల్లులు చెయ్యి అడ్డం పెట్టారు. మామ్మలు అందుకున్నారు.

అప్పటి నుంచి మంచం పట్టేదాకా ఆయన చోటు అదే. ర్యాప్ సంగీతమని ఒప్పుకోలేదు. తాను సంగీతగాణ్ణని మళ్ళీ అనుకోలేదు. పాట అయ్యాక అందరికంటే ముందు చెప్పులేసుకుని వెళ్ళిపోయేవారు.

గడ్డ తిరిగి వచ్చింది. ఆఖరి రోజుల్లో ఆ గాలి కూడా ఆగిపోయింది. ఆస్పత్రిలో ఇనప మంచం అంచు మీద వేళ్ళు మాత్రం కదిలేవి. అప్ప ఆ వేళ్ళను చూసి, "ఇది ఫలానా పాట" అని పేరు చెప్పేవారు. ఆయన కళ్ళతో ఔననేవారు.

అప్ప కబురు తెచ్చిన రోజు సాయంత్రం ఆయన్ని పెట్టెలో చర్చికి తెచ్చాం. నేను పటం వెనక నుంచి రుమాలు మూట తీసి ఆయన జేబులో పెట్టాను. అమ్మాయి అత్తవారింటి నుంచి ఇంకా రాలేదు, దాని బండి దారిలో ఉంది. ఆయనకు ఇష్టమైన కీర్తనే ఎత్తుకున్నాం. మొదటి పంక్తి బాగానే పాడాం. పాడి ఆగాం, ఎప్పటిలాగే.

డోలక్ ఒక చుట్టు తిరిగింది. ఎవరూ ఏమీ చెప్పలేదు. రెండో పంక్తి తెలియనివాళ్ళు అక్కడ లేరు. మామ్మలకు కూడా అది కంఠతా వచ్చు. నాకు నాలుక చివరే ఉంది. కానీ నోరు తెరుచుకోలేదు. డోలక్ వాయించే అతను ఆపడానికి మనసొప్పక రెండో చుట్టు వేశాడు. మూడోది వేశాడు. ముందు వరుసలో మామ్మలు పెట్టె వైపు కాదు, మెడలు తిప్పి వెనక్కి, చెప్పులు విడిచే చోటు వైపు చూస్తున్నారు.